కొలెస్ట్రాల్ మాత్ర: అపోహలు – వాస్తవాలు

పోయిన వారం ఓపీలో ఒకాయన కూర్చుంటూనే ఫోన్ తీసి నా ముందు పెట్టారు. "సార్, ఈ కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటే కండరాలు కరిగిపోతాయట. మూడు నెలల కిందటే ఆపేశాను." ఆయనకు స్టెంట్ వేసి రెండేళ్లయింది. 62 ఉన్న ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 140 దాటింది. ఇలా ఆపేసినవాళ్లు కొందరు ఫోన్‌తో వస్తారు, కొందరు రెండో గుండెపోటుతో వస్తారు. ఎవరో పంపిన వీడియోకి ఇంత ఖరీదా!

అపోహ: స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) వేసుకుంటే ఒళ్లు నొప్పులు ఖాయం.

నొప్పి అబద్ధమని నేననను. పిక్కలు లాగుతున్నాయంటే లాగుతున్నట్టే. దానికి కారణం మాత్రేనా అన్నదే ప్రశ్న. 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 19 ట్రయల్స్ లెక్క వచ్చింది, మొత్తం 1,23,940 మంది. కొందరికి స్టాటిన్, కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర. ఎవరికేది ఇచ్చారో వాళ్లకు తెలియదు. కండరాల బాధ ఉందన్నవాళ్లు స్టాటిన్ వైపు నూటికి 27.1, ఉత్తుత్తి మాత్ర వైపు 26.6. తేడా అర శాతమే.

లండన్ ఇంపీరియల్ కాలేజీవాళ్లు 2020లో ఇంకో పని చేశారు. పడట్లేదని స్టాటిన్ మానేసిన 60 మందికి నెలకొకటి చొప్పున ఏడాదికి 12 సీసాలిచ్చారు. నాలుగింట్లో అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్, నాలుగింట్లో ఉత్తుత్తి మాత్రలు, నాలుగు ఖాళీ. బాధకు రోజూ నూటికి మార్కులు వేయమన్నారు. ఖాళీ నెలల్లో సగటు 8, ఉత్తుత్తి మాత్రకు 15.4, అసలు మందుకు 16.3. బాధ నిజమే, కానీ చాలావరకు అది మాత్ర వేసుకుంటున్నామన్న టెన్షన్ తెచ్చింది. ఇది తెలిశాక సగం మంది మళ్లీ మొదలుపెట్టారు.

మా అమ్మ కూడా కాళ్లు పీకుతున్నాయని నాకు చెప్పకుండా మానేసింది. "మానేశాక తగ్గిందా అమ్మా?" అంటే కాసేపు ఆలోచించి "లేదురా" అంది. పరీక్ష చేయిస్తే థైరాయిడ్ తక్కువగా ఉంది. ఒళ్లు నొప్పులకు అదీ ఒక కారణమే.

అపోహ: షుగర్ తెప్పిస్తుంది.

కొంత నిజం. ముప్పు 9 శాతం పెరుగుతుందని 2010లో తేలింది. అంటే నూటికి తొమ్మిది మందికని కాదు. 255 మంది నాలుగేళ్లు వాడితే అదనంగా ఒక్కరికి. అదే 255 మందిలో గుండెపోట్లు, గుండెజబ్బు మరణాలు కలిపి ఐదు దాకా తప్పుతాయి. శాతం కనిపిస్తే ఎంతమందిలో ఎంతమందికి అని అడగండి.

రిపోర్టు నార్మల్ వచ్చిందిగా, ఆపేయొచ్చా? ఆ నార్మల్ మాత్ర వల్లే వచ్చింది. వెల్లుల్లి చాలదా? స్టెంట్ ఉన్నవాళ్లకు చాలదు.

నిజంగా కండరం దెబ్బతినడం అరుదు, కానీ ఉంది. మూత్రం డికాషన్ రంగులో వచ్చినా, మెట్లెక్కలేనంత నీరసంగా ఉన్నా ఆ రోజే ఆస్పత్రికి రండి. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ రాస్తుంటే స్టాటిన్ వాడుతున్నామని ముందే చెప్పండి. మామూలు నొప్పులైతే మాత్రల స్ట్రిప్ తీసుకుని రండి. డోసు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు. ఆపేసి ఎన్నాళ్లయిందో మాత్రం దాచకండి, నేను కోప్పడను.