‘గ్రేట్ రీప్లేస్‌మెంట్’ అనే మాట టీవీ తెర దాకా ఎలా వచ్చింది

2017 ఆగస్టు 11 రాత్రి. అమెరికాలోని షార్లట్స్‌విల్‌లో వందల మంది శ్వేతజాతివాదులు, ఎక్కువగా కుర్రాళ్లు, కాగడాలు పట్టుకుని యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా ఆవరణలో ఊరేగింపు తీశారు. ‘మీరు మా స్థానాన్ని ఆక్రమించలేరు’ అని అరుస్తూ నడిచారు. కాసేపటికి ఆ నినాదంలో ‘మీరు’ పోయి ‘యూదులు’ వచ్చి చేరింది. వీడియోలు చూసిన చాలామందికి అది అంతుబట్టలేదు. అమెరికా జనాభాలో యూదులు రెండు శాతానికి కాస్త ఎక్కువ. వాళ్లు ఎవరి స్థానాన్ని ఆక్రమిస్తారు? ఊరేగింపులో ఉన్నవాళ్ల లెక్క వేరు. తెల్లవాళ్ల స్థానాన్ని ఆక్రమించేది వలస వచ్చినవాళ్లయితే, తెర వెనక ఉండి వాళ్లను రప్పిస్తున్నది యూదులని వాళ్ల నమ్మకం.

గ్రేట్ రీప్లేస్‌మెంట్ సిద్ధాంతం అంటే ఇదే. ఇందులో సగం అందరి కళ్లముందూ ఉన్నదే. చాలా పాశ్చాత్య దేశాల్లో పిల్లలు తక్కువ పుడుతున్నారు, వలసలు పెరిగాయి. ఎవరో కూర్చుని ప్లాన్ వేసి ఇదంతా చేయిస్తున్నారన్నది మాత్రం పచ్చి కల్పన. నిజాన్నీ కల్పననూ ఒకే వాక్యంలో పెట్టి చెప్పడం వల్లే ఇది ఇంత దూరం వచ్చిందని నా అభిప్రాయం.

భయం పాతదే. అమెరికాలో మాడిసన్ గ్రాంట్ అనే ఆయన 1916లోనే ‘గొప్ప జాతి’ అంతరించిపోతోందని పుస్తకం రాశాడు. ఆ వాతావరణంలోనే 1924 నాటి వలస చట్టం వచ్చి దక్షిణ, తూర్పు ఐరోపా వాళ్లకు దాదాపు తలుపులు మూసింది, ఆసియా వాళ్లలోనైతే ఎక్కువమందిని పూర్తిగా ఆపేసింది. నాజీల ఓటమి తర్వాత ఇలాంటి మాటలు నలుగురిలో అనడానికి జంకే పరిస్థితి వచ్చింది. మాట చావలేదు, మూలకు చేరిందంతే. 1980ల్లో డేవిడ్ లేన్ అనే శ్వేతజాతి తీవ్రవాది దానికి ‘శ్వేతజాతి హననం’ అని పేరు పెట్టి జైలు నుంచి ప్రచారం చేశాడు. డెన్వర్‌లో ఒక యూదు రేడియో వ్యాఖ్యాతను 1984లో చంపిన ముఠాలో అతనొకడు. అలాంటివాడి నోటి మాటను మర్యాదస్థులెవరూ ఎత్తుకోరు.

ఎత్తుకోగలిగేలా చేసింది ఫ్రెంచ్ రచయిత రెనో కామూ. 1990ల్లో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎరో ప్రాంతం మీద గైడ్ పుస్తకం రాస్తూ పాత పల్లెలు తిరిగాడు. శతాబ్దాల నాటి రాతి ఇళ్ల కిటికీల్లో ముసుగు వేసుకున్న ఆడవాళ్లు కనిపించారని, ఆలోచన అక్కడే పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. చూడండి, ఆయనకు కనిపించింది కిటికీలో నిలబడిన పొరుగింటి ఆడమనిషి. అందులోంచి ఒక నాగరికత మీద దాడిని ఊహించుకున్నాడు. 2011లో ‘గ్రాండ్ రాంప్లాస్‌మాఁ’ (గ్రేట్ రీప్లేస్‌మెంట్‌కు ఫ్రెంచ్ మాట) పేరుతో పుస్తకం వచ్చింది. హననం అన్న మాట, యూదుల ప్రస్తావన రెండూ పక్కకు పోయాయి. ‘రీప్లేస్‌మెంట్’ అనే చల్లటి మాట మిగిలింది. ముస్లింలపై ద్వేషం రెచ్చగొట్టినందుకు 2014లో ఫ్రెంచ్ కోర్టు ఆయనకు జరిమానా వేసింది. అప్పటికే మాట చేతులు మారింది.

దీన్ని నమ్మేవాళ్లు తరచూ చూపించే ‘ఆధారం’ ఒకటుంది. ఐక్యరాజ్యసమితి జనాభా విభాగం 2000లో ఇచ్చిన నివేదిక. దాని పేరులోనే ‘రీప్లేస్‌మెంట్ మైగ్రేషన్’ అని ఉంటుంది. అదిగో ప్లాన్ అంటారు. లోపల ఉన్నది ఒక లెక్క మాత్రమే: ముసలివాళ్లు పెరిగిపోతున్న దేశాలు వలసలతోనే ఆ లోటు పూడ్చుకోవాలంటే ఎంతమంది కావాలి? పనిచేసే వయసువాళ్లకూ వృద్ధులకూ మధ్య నిష్పత్తి 1995లో ఉన్నట్టే ఉండాలంటే 2050 నాటికి ఒక్క దక్షిణ కొరియాకే 500 కోట్ల మందికి పైగా రావాలని తేలింది. అంటే అది జరిగే పని కాదని నివేదికే చెబుతోంది. పేరు చదివి ఆగిపోయిన వాళ్లకు ఆ అంకె కనపడదు.

2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో శుక్రవారం నమాజు వేళ రెండు మసీదుల్లో ఒకడు 51 మందిని కాల్చి చంపాడు. వాడు రాసిపెట్టిన పత్రం శీర్షిక కూడా ‘ది గ్రేట్ రీప్లేస్‌మెంటే’. వాడి పేరు పలకనని ఆనాటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ అన్నారు, నేనూ రాయను. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలోని ఎల్ పాసోలో 23 మంది, 2022 మేలో అక్కడే బఫలో నగరంలోని సూపర్‌మార్కెట్‌లో పదిమంది నల్లజాతీయులు బలయ్యారు. చంపిన ఇద్దరూ క్రైస్ట్‌చర్చ్ హంతకుణ్ణి ఆదర్శంగా చెప్పుకున్నవాళ్లే.

ఇంత రక్తం అంటుకున్నాక ఆ మాటను అందరూ వదిలేస్తారనుకుంటాం. క్రైస్ట్‌చర్చ్ జరిగిన ఆరు వారాలకే ఆస్ట్రియా వైస్ ఛాన్సలర్ హైంజ్ క్రిస్టియాన్ ష్ట్రాహె ఒక పత్రికతో మాట్లాడుతూ ‘జనాభా మార్పిడి’పై పోరాడుతున్నామన్నాడు. 2021 ఏప్రిల్‌లో అమెరికా టీవీ ఛానెల్ ఫాక్స్ న్యూస్‌లో వ్యాఖ్యాత టకర్ కార్ల్‌సన్ దాన్ని ఓట్ల భాషలోకి మార్చాడు. డెమోక్రాట్లు ఉన్న ఓటర్ల స్థానంలో చెప్పినట్టు వినే కొత్త ఓటర్లను తెస్తున్నారని, ఇది జాతి గొడవ కాదు, ఓటు హక్కు విషయమని వాదించాడు. వలస వచ్చినవాళ్లకు పౌరసత్వం రావడానికే ఏళ్లు పడుతుంది, వచ్చాక అందరూ ఒకే పార్టీకి వేయరు. అయినా ఏపీ-నార్క్ అనే సర్వే కేంద్రం 2021 డిసెంబర్‌లో జరిపి, 2022 మేలో ప్రచురించిన సర్వేలో, అమెరికన్ పెద్దల్లో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు ఎన్నికల లాభం కోసం ఇలాంటి ప్రయత్నం జరుగుతోందని నమ్ముతున్నట్టు తేలింది.

ఫ్రాన్స్‌లో 2022 అధ్యక్ష ఎన్నికల్లో తీవ్ర రైట్‌వింగ్ అభ్యర్థి ఎరిక్ జెమూర్ దీన్నే ప్రధాన నినాదం చేసుకున్నాడు. నాకు ఆయన కంటే అదే ఎన్నికల్లో నిలబడిన వాలెరీ పెక్రెస్ ఎక్కువ ఆందోళన కలిగించారు. ఆమెది సంప్రదాయ రైట్‌వింగ్ పార్టీ, ఒకప్పుడు దేశాన్ని ఏలిన పార్టీ. ఫిబ్రవరిలో పారిస్ సభలో ఆమె కూడా గ్రేట్ రీప్లేస్‌మెంట్ పేరెత్తి, దానికి తలవంచాల్సిన పని లేదన్నారు. గగ్గోలు రేగాక, ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకున్నట్టు కాదని సర్దుకున్నారు. కానీ తలవంచొద్దని చెప్పాలంటే ముందు అలాంటిదొకటి ఉందని ఒప్పుకోవాలి కదా. తొలి రౌండ్‌లో జెమూర్‌కు 7 శాతం ఓట్లు వస్తే ఆమెకు 5 శాతం కూడా రాలేదు.

2023 ఫిబ్రవరి 21న ఇదే మాట ట్యునీషియాలో వినిపించింది. సహారా దిగువ దేశాల నుంచి నల్లజాతీయులను రప్పించి దేశ జనాభా స్వరూపాన్ని మార్చే కుట్ర జరుగుతోందని అధ్యక్షుడు కైస్ సయీద్ ప్రకటించాడు. ఉత్తర ఆఫ్రికా ముస్లింలను చూసి ఫ్రాన్స్‌లో పుట్టిన భయాన్ని, ఇప్పుడు ఒక ఉత్తర ఆఫ్రికా ముస్లిం దేశాధినేత తన పొరుగువాళ్ల మీదికి తిప్పాడు. ఫ్రాన్స్ నుంచి జెమూర్ మెచ్చుకున్నాడు. ఆ తర్వాతి రోజుల్లో ట్యునీషియాలో నల్లజాతీయులపై దాడులు జరిగాయి, ఇళ్ల యజమానులు వాళ్లను ఖాళీ చేయించారు. మార్చి మొదటి వారంలో గినీ, మాలి, ఐవరీ కోస్ట్ ప్రభుత్వాలు విమానాలు పంపి తమవాళ్లను వెనక్కి తీసుకెళ్లాయి.