ఉబ్బిన తలుపుకి చెద పడితే

ఊపిరి బలం కొలిచే స్పైరోమెట్రీ గొట్టం చేతికివ్వగానే మా పెద్దమ్మ నవ్వింది. "ఇది ఊదుగొట్టమే కదరా. నలభై ఏండ్లు పొయ్యి ఊదినా, ఇదొక లెక్కా?" అంది. టెక్నీషియన్ కన్నడంలో "ఊది, ఊది, ఇన్నూ ఊది" అని అరుస్తుంటే మూడో సెకనుకే దగ్గు తెర వచ్చి కూలబడింది.

హిందూపురం పక్క పల్లెలో కంది కట్టె, చెనక్కాయ పొట్టు పెట్టి వండిన మనిషి. బీడీ ముట్టింది లేదు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం మాత్రం ఉంది. అందుకే ఎంత ఆయాసం వచ్చినా ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "అది పాతదే." కొడుకు దగ్గరికి బెంగళూరు వచ్చాక ఇంకోటి తోడైంది: "ఈ ఊరి చలి పడల్యా." ఒక జబ్బుకి పేరు పెట్టేశాక రెండోదాన్ని ఎవరు వెతుకుతారు?

ఉబ్బసం వానాకాలపు తలుపు లాంటిది. తడికి చెక్క ఉబ్బి బిగుసుకుంటుంది, ఎండ కాస్తే మళ్లీ తెరుచుకుంటుంది. శ్వాసనాళాల లోపలి పొర వాచి, చుట్టూ కండరం బిగిసి పిల్లికూతలు వస్తాయి. మందు పడితే దారి తెరుచుకుంటుంది. ఆ రెండోది సీఓపీడీ, ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు. అది చెద పట్టిన తలుపు. ఏళ్ల తరబడి పొగ తగిలి సన్న నాళాలు మచ్చలు కట్టి ఇరుకైపోతాయి. గాలి తిత్తుల గోడలు చిరిగి, ఊపిరితిత్తి సాగిపోయిన రబ్బరులా తయారవుతుంది. పీల్చిన గాలి పూర్తిగా బయటికి పోదు. చెద తిన్న చెక్క ఎండ కాసినా తిరిగి రాదు.

రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని 2014లో ప్రపంచ ఉబ్బసం, సీఓపీడీ నిపుణుల బృందాలు జీనా, గోల్డ్ కలిసి ఒక పేరు పెట్టాయి: ఆస్తమా-సీఓపీడీ ఓవర్‌లాప్ సిండ్రోమ్. 2020కి గోల్డ్ ఆ పేరు వాడటం మానేసింది: ఇది మూడో జబ్బు కాదు, రెండు వేరు జబ్బులు ఒకచోట చేరడమే అంది. పేరు మీద పేచీ నాకు పెద్దగా పట్టదు. నిర్వచనం కుదరకపోవడం వల్ల, ఉబ్బసమో సీఓపీడీనో ఉన్నవాళ్లలో ఇలాంటివాళ్లు ఎంతమంది అన్న లెక్క మాత్రం 9 శాతం నుంచి 55 శాతం దాకా ఊగుతోంది. తేలిన సంగతి ఒకటుంది. ఒక్క జబ్బే ఉన్నవాళ్ల కంటే వీళ్లకి ఆయాసం ఎక్కువసార్లు ముదురుతుంది, ఆస్పత్రి ఖర్చూ ఎక్కువే.

పరీక్ష తేలికే. గట్టిగా ఊదినప్పుడు మొత్తం గాలిలో మొదటి సెకనులో ఎంత వచ్చిందో చూస్తారు. తర్వాత నాళాలు తెరిచే మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకను గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లకు మించి పెరిగితే ఉబ్బసం అనుమానం బలపడుతుంది. మందు తర్వాత కూడా మొత్తంలో 70 శాతం రాకపోతే సీఓపీడీ వైపు చూడాలి. పెద్దమ్మకి గాలి బాగానే పెరిగింది, కానీ 70 దాటలేదు.

అసలు చిక్కు మందుల దగ్గర. సీఓపీడీకి ముందుగా ఇచ్చేది నాళాలు తెరిచే ఇన్‌హేలర్. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అందరికీ ఇవ్వరు, న్యుమోనియా ముప్పు పెరుగుతుంది కనక. ఉబ్బసంలో ఇది తిరగబడుతుంది. లోపలి వాపు తగ్గించే స్టెరాయిడ్ లేకుండా, నాళాలు తెరిచి ఎక్కువసేపు పనిచేసే మందుల్లో కొన్నిటిని ఒంటరిగా వాడితే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే రెండూ ఉంటే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మానకూడదు. మనవాళ్లు మొదట మానేసేదీ అదే: "పంపు పెడితే అలవాటైపోతుందంట!"

2016లో మన దేశంలో సీఓపీడీ బాధితులు సుమారు 5.5 కోట్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు 3.8 కోట్లు. ఈ రెండు గుంపులూ కలిసే చోటుని ఆ లెక్క విడిగా చెప్పదు. బెంగళూరులో ఆస్పత్రికి వచ్చిన పిల్లల్లో ఉబ్బసం 1979లో 9 శాతం, 1999కి 29.5 శాతం అయిందని అక్కడి పిల్లల వైద్యుడు డాక్టర్ హెచ్. పరమేశ్ చూపించారు. ఖాళీ సైట్ల నిండా వయ్యారిభామ (ఆ కలుపుకి అంత అందమైన పేరెవరు పెట్టారో!), రోడ్ల మీద వాహనాల పొగ. ఆ పిల్లలిప్పుడు పెద్దవాళ్లు. 1964లో మెల్‌బోర్న్‌లో ఏడేళ్ల పిల్లలతో మొదలైన అధ్యయనం వాళ్లకి యాభై వచ్చేదాకా సాగింది. చిన్నప్పుడు తీవ్ర ఉబ్బసం ఉన్నవాళ్లకి సీఓపీడీ ముప్పు, లేనివాళ్లతో పోలిస్తే 32 రెట్లు కనబడింది. పొయ్యి ఊదనివాళ్లకి కూడా చెద పట్టొచ్చన్నమాట.

ఇప్పుడు పెద్దమ్మ రెండు మందులూ కలిపిన ఇన్‌హేలర్ పీలుస్తోంది, పీల్చాక నోరు పుక్కిలిస్తోంది. మెట్లెక్కుతోంది. మొన్న రాత్రి వెళ్లేసరికి మంచం కింద దోమల చుట్ట వెలుగుతోంది. ఒక్క చుట్ట కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లకి సమానమని ఒక పరిశోధనలో తేలింది. అదే చెప్పాను.

"దోమలు కుడ్తాంటే నిద్ర ఎట్ల పడ్తాదిరా?" అంది.

మర్నాడు దోమతెర తెచ్చి కట్టాం.