మాయతో పోయే పొర, కాలేయంలో పేరుకునే మచ్చ

తిరుపతిలోని ప్రసూతి ఆసుపత్రిలో బిడ్డ పుట్టిన కాసేపటికి మాయ పడుతుంది. అది పూర్తిగా వచ్చిందా, లోపల ముక్క ఏదైనా మిగిలిందా అని తిప్పి చూశాక, నిబంధనల ప్రకారం పసుపు సంచిలో వేస్తారు. ఆ మాయకు బిడ్డ వైపున అంటుకుని, వెలుతురుకు పట్టి చూస్తే అవతలి వేళ్లు కనిపించేంత పలుచని పొర ఒకటి ఉంటుంది. ఉమ్మనీటి సంచికి లోపలి గోడ అదే, పేరు ఉమ్మనీటి పొర. అందులో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. అయినా దాని కణాలు వాపును తగ్గించే, మచ్చకట్టడాన్ని అదుపుచేసే పదార్థాలను స్రవిస్తాయి.

వైద్యులు దీనిని గుర్తించడం ఈనాటిది కాదు. 1910లోనే అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో డేవిస్ అనే వైద్యుడు గర్భస్థ పొరలను చర్మ మార్పిడికి వాడారు. 1940లో కంటి చికిత్సలోకి వచ్చింది. తాంబూలపు సున్నం కంట్లో పడి పైపొర కాలిపోయిన పిల్లలకు నేడు కంటి వైద్యులు ఈ పొరనే అతికిస్తారు. సిజేరియన్ సమయంలో తల్లి అనుమతితో మాయను తీసుకుని, ఆమెకు హెచ్ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ లేవని పరీక్షించి, పొరను శుభ్రపరచి, అతిశీతలంలో భద్రపరుస్తారు.

కంటి మీద మచ్చను ఆపగలిగినది కాలేయంలో ఆపలేదా అన్న ప్రశ్న అక్కడి నుంచే సహజంగా పుడుతుంది. కాలేయంలో విటమిన్ ఏను నూనెబొట్లుగా దాచుకునే నక్షత్రాకార కణాలుంటాయి. మద్యం, కొవ్వు, హెపటైటిస్ బి లేదా సి వైరస్ ఏళ్ల తరబడి గాయపరుస్తుంటే అవి ఆ నిల్వను వదిలేసి, స్వభావం మార్చుకుని, మచ్చకు నారలా ఉండే కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులను అల్లడం మొదలుపెడతాయి. గాయం మానడానికి మొదలైన ఆ అల్లిక ఆగకపోతే, మెత్తని కాలేయం గట్టిపడి ముడతలు పడి, చివరికి సిర్రోసిస్ దశకు చేరుతుంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఏమిటంటే, ఈ దారి పొడవునా చాలామందికి నొప్పి ఉండదు.

2011లో బ్రెజిల్, ఇటలీ పరిశోధకులు ఎలుకల పైత్యనాళాన్ని కట్టివేసి, పైత్యం వెనక్కి తన్ని కాలేయంలో మచ్చలు మొదలయ్యేలా చేశారు. కొన్నింటికి కాలేయం చుట్టూ మనిషి ఉమ్మనీటి పొరను కప్పారు. ఆరు వారాల తర్వాత, పొర కప్పని ఎలుకలతో పోలిస్తే ఆ ఎలుకల కాలేయంలో కొల్లాజెన్ దాదాపు సగమే ఉంది. మన పుత్తూరు కట్టు విరిగిన ఎముకను కదలకుండా పట్టి ఉంచుతుంది. ఈ పొర పట్టి ఉంచేది ఏమీ లేదు, పైనుంచే రసాయన సందేశాలు పంపి ఆ నక్షత్రాకార కణాల ఉద్రేకాన్ని తగ్గిస్తుందని పరిశోధకుల భావన. ఉమ్మనీటి పొర కణాలను పెంచిన ద్రవం ఒక్కటే ఇచ్చినా ఎలుకల్లో మచ్చ తగ్గడం ఆ భావనకు బలమిస్తోంది.

అయితే ఎలుక కాలేయం కొద్ది గ్రాములు. మనిషిది దాదాపు ఒకటిన్నర కిలోలు. పొరను చుట్టాలంటే పొట్ట కోయాలి. సిర్రోసిస్ రోగికి రక్తం గడ్డకట్టే శక్తి తగ్గి, కాలేయానికి వచ్చే సిరలో ఒత్తిడి పెరిగి ఉంటుంది కనుక ఆ కోతే ప్రాణాంతకం కావచ్చు. అందువల్లనే ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పొరను కాక, దాని కణాలను సిర ద్వారా ఎక్కించే తొలిదశ భద్రతా పరీక్షను రూపొందించారు. మచ్చ మానుతుందని మనుషుల్లో రుజువు కాకముందే ఎవరైనా ఈ కణాలను చికిత్సగా అమ్మజూపితే తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

చిత్తూరు పల్లెల్లో కామెర్లంటే పసరు తాగించే అలవాటు ఇంకా ఉంది. కొన్ని రకాల కామెర్లు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి పసరుకు పేరొస్తుంది. హెపటైటిస్ బి మాత్రం కొందరిలో ఒంట్లోనే నిలిచిపోయి, లోలోపల మచ్చ పెంచుతూ పోతుంది. రక్తపరీక్షతో దానిని పట్టుకోవచ్చు, మందులతో అదుపు చేయవచ్చు. హెపటైటిస్ సి అయితే కొన్ని వారాల మాత్రలతో దాదాపు అందరికీ నయమవుతుంది. కారణం తొలగితే కాలేయం కొంత మచ్చను తానే కరిగించుకుంటుంది. తల్లికి వైరస్ ఉంటే బిడ్డకు సోకకుండా, పుట్టిన 24 గంటలలోపు వేయవలసిన హెపటైటిస్ బి టీకా కూడా, మాయను పసుపు సంచిలో వేసే ఆ ప్రసూతి విభాగాల్లోనే ఉచితంగా వేస్తున్నారు.