పల్లెల్లో చెత్త సేకరణ: అపోహలు - వాస్తవాలు

పల్లెల్లో ఇంటింటి చెత్త సేకరణ, కంపోస్టు తయారీ చూసుకోవడం నా పని. ఇళ్ల ముందు నిలబడినప్పుడల్లా వినిపించే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: బండి రోజూ రాకపోతే ఊరు శుభ్రంగా ఉండదు.

వాస్తవం: పల్లెల్లో అసలు ఇబ్బంది దూరం. ఇళ్లు తక్కువ, తిరగాల్సిన దారి ఎక్కువ. బండి రోజూ రావాల్సి వచ్చేది తడి చెత్త వల్లే, ఎందుకంటే కుళ్ళేది అదొక్కటే. దాన్ని పెరట్లోనే ఎరువు చేసుకుంటే, కడిగి ఆరబెట్టిన సీసాలు, డబ్బాలు, అట్టలు నెల రోజులున్నా వాసన రావు. బండి నిండుగా వెళ్తుంది, డీజిల్ కలిసొస్తుంది.

అపోహ: కంపోస్టు పెడితే కంపు, ఈగలు.

వాస్తవం: కంపు వస్తోందంటే కుప్పలో గాలి ఆడటం లేదు. గాలి అందనిచోట పెరిగే సూక్ష్మజీవులే ఆ వాసన పుట్టిస్తాయి. ఒక బుట్ట వంటింటి చెత్తకు రెండు మూడు బుట్టల ఎండుటాకులు కలపండి. పైన ఎప్పుడూ ఎండు పొరే కనిపించాలి. అప్పుడు ఈగలు వాలవు. తడి సరిపోయిందో లేదో చేత్తోనే తెలుస్తుంది: పిడికిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధార కట్టిందంటే ఇంకొన్ని ఆకులు వేసి తిరగేయండి. మీటరు ఎత్తు, మీటరు వెడల్పున్న కుప్ప బాగా కుదిరితే లోపల 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వేడి పుడుతుంది. అందులోకి ఇనుప ఊచ గుచ్చి కాసేపాగి తీసి చూడండి, చెయ్యి చురుక్కుమంటుంది. కలుపు విత్తనాలు చాలావరకు ఆ వేడికే చస్తాయి. చిన్న కుప్ప అంతగా వేడెక్కదు కానీ, ఆలస్యంగానైనా ఎరువు అవుతుంది.

అపోహ: కాల్చేస్తే పీడ పోతుంది.

వాస్తవం: పోదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. పెరటి మంటకు ప్లాస్టిక్‌ను పూర్తిగా కాల్చేంత వేడి ఉండదు. పీవీసీ లాంటివి అరకొరగా కాలి డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి. అవి గడ్డి మీద పడతాయి, మేతతో పశువులోకి చేరతాయి, పాలలోని కొవ్వులో నిలుస్తాయి. ఆ బూడిద కూడా మొక్కలకు వేయకండి, అందులో సీసం లాంటి లోహాలు ఉండొచ్చు.

అపోహ: ప్లాస్టిక్ మీద బాణాల త్రికోణం గుర్తు ఉంటే రీసైకిల్ అవుతుంది.

వాస్తవం: 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ తెచ్చిన, ఆ త్రికోణంలో ఉండే 1 నుంచి 7 అంకెలు ప్లాస్టిక్ ఏ రకమో చెబుతాయి, అంతే. 1, 2 అంకెలున్న సీసాలకు ఎక్కువచోట్ల గిరాకీ ఉంటుంది. 3, 6, 7 కొనేవాళ్లు దొరకడం కష్టం.

అపోహ: వేరు చేసి ఇచ్చినా చివరికి అంతా కలిపేస్తారు.

వాస్తవం: కొన్నిచోట్ల కలిపేస్తారు, మీ కోపం న్యాయమే. బండిలో అరలు లేకపోతే గట్టిగా అడగండి. అలాగని వేరు చేయడం మానేయకండి. కలిసిన చెత్తలోంచి గాజు పెంకులు, సూదులు ఏరేది మనుషుల చేతులే. పాత ఫోన్ బ్యాటరీలు మాత్రం ఏ సంచిలోనూ వేయొద్దు. బండిలో నలిగితే ఆ లిథియం బ్యాటరీకి నిప్పంటుకోవచ్చు. దాన్ని విడిగా కార్మికుడి చేతికే ఇచ్చి, అదేమిటో చెప్పండి.