పంపు విప్పే ముందు డీజిల్ వచ్చే దారి చూడండి

చిరంజీవులకు ఆశీస్సులు.

కొబ్బరికాయల లోడుతో అంబాజీపేట వెళ్లే పాత పికప్ కాలవగట్టు మీద ఆగిపోయిందనుకోండి. చుట్టూ చేరినవాళ్లలో ఎవరో ఒకరు "పంపు పోయింది" అనేస్తారు. ఇంజిన్‌లోకి డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు గురించి వాళ్లు అంటున్నది. బండిలో బాగా ఖరీదైన సామాన్లలో అదొకటి. కానీ అంత తేలిగ్గా పోయేది కాదు. మీలో ఐటీఐలో చేరినవాళ్లున్నారు, ఇంట్లో పాత బండి ఉన్నవాళ్లున్నారు. ఆ మాట వినగానే పానా పట్టుకోకుండా ముందు ఏం చూడాలో చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

డీజిల్ ఇంజిన్‌లో నిప్పు పుట్టించే స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని దాదాపు పద్దెనిమిది, ఇరవై వంతుల్లో ఒక వంతుకు నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకే గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా ఆ క్షణంలో డీజిల్‌ను సన్నటి పొగమంచులా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపించిన ఇంజిన్‌లో డీజిల్‌ను లోపలికి ఊదడానికి విడిగా గాలి కంప్రెసర్ కావాల్సి వచ్చింది. అంత సరంజామా చిన్న బండికి ఎక్కడ పడుతుంది? 1927లో బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపులను పెద్ద ఎత్తున తయారుచెయ్యడం మొదలుపెట్టాక డీజిల్ ఇంజిన్ రోడ్డెక్కడం తేలికైంది. పాత పికప్‌లో మీరు చూసేది ఆ పంపు సంతతినే. లోపల కదిలే ముక్కకీ దాని గూటికీ మధ్య ఖాళీ వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. అంత సన్నని చోటుకి చుక్క నీరు వెళ్లినా, రవ్వంత తుప్పు వెళ్లినా గీతలు పడతాయి. కాబట్టి పంపును కాపాడే పని పంపు దగ్గర కాదు, డీజిల్ ట్యాంకు దగ్గర మొదలవుతుంది.

డీజిల్ నడిచే దారి గుర్తుపెట్టుకోండి. ట్యాంకు, అక్కడి నుంచి డీజిల్‌ను పీల్చి తెచ్చే ఫీడ్ పంపు, ఫిల్టరు, ఇంజెక్షన్ పంపు, ఉక్కు పైపులు, చివర ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్. మిగిలిన డీజిల్ రిటర్న్ పైపులో వెనక్కి పోతుంది. బండి ఆగిపోతే ఈ వరసలోనే వెతకండి, మధ్యలోంచి మొదలుపెట్టకండి.

మన డెల్టాలో మొదట అనుమానించాల్సింది నీళ్లనే. ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి చల్లబడినప్పుడు ఆ తేమ లోపలి గోడల మీద చెమర్చి కిందికి దిగుతుంది. దానికితోడు చేపల చెరువుల గట్ల మీద జనరేటర్ల కోసం డ్రమ్ముల్లో దాచిన డీజిల్‌ను అవసరానికి బండిలో పోసేస్తుంటారు. వానలో మూత సరిగా పడని డ్రమ్ములో ఏముంటుందో చెప్పక్కర్లేదు. నీళ్లు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. డీజిల్ తీసే పైపు కూడా అడుగునే ఉంటుంది. నీళ్లూ డీజిలూ కలిసే పొర దగ్గర సూక్ష్మజీవులు పెరిగి, బంకలాంటి నల్లటి మడ్డి తయారై ఫిల్టరును మూసేస్తుంది కూడా.

పరీక్ష చాలా సులువు. ఫిల్టరు అడుగున ఉన్న చిన్న బిరడా వదులు చేసి, వచ్చింది గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే కింద విడి పొరగా కనిపిస్తాయి. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలి బిరడా బిగించండి. ఈ పని బండి ఆగినప్పుడే కాదు, వానాకాలంలో తరచూ చెయ్యాలి. సాయంత్రం బండి పెట్టేముందు ట్యాంకు నింపే అలవాటు ఉంటే తేమకు చోటే దొరకదు. డ్రమ్ములోంచి పొయ్యక తప్పకపోతే గుడ్డతో వడకట్టి పొయ్యండి, డ్రమ్ము అడుగు డీజిల్‌ను మాత్రం ముట్టుకోకండి.

నీళ్ల తర్వాత గాలి. "ఎయిర్ పట్టింది" అని మెకానిక్కులు అనేది ఇదే. డీజిల్ కారడం లేదు కదా, పైపులన్నీ బాగానే ఉన్నాయని చాలామంది అనుకుంటారు. అక్కడే తప్పుదారి పడతారు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్ పీల్పుడు మీద వస్తుంది. ఆ ముక్కలో చిల్లు పడితే డీజిల్ బయటికి రాకుండానే గాలి లోపలికి పోతుంది. చిల్లున్న స్ట్రాతో బొండాం తాగి చూడండి, నీళ్లు కారవు, గాలే వస్తుంది. ఎలుక కొరికిన రబ్బరు పైపు, వదులైన క్లిప్పు, ఒకసారి వాడిన రాగి వాషరునే మళ్లీ వెయ్యడం, ఇవే సాధారణంగా కారణాలు. గుర్తు ఏమిటంటే, రాత్రి పెట్టిన బండి పొద్దున ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా అందుకోదు. ఒకసారి అందుకున్నాక రోజంతా బాగానే తిరుగుతుంది. రాత్రి గాలి చేరి డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోవడమే దీనికి కారణం. అనుమానం తీరాలంటే ఫీడ్ పంపు ముందు కొంతసేపు పారదర్శకమైన పైపు ముక్క పెట్టి బుడగలు వస్తున్నాయేమో చూడవచ్చు.

గాలి తియ్యడానికి ఫిల్టరు మీదున్న ఎయిర్ స్క్రూ వదులు చేసి, చేతి పంపు నొక్కుతూ ఉండాలి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగల్లేని డీజిల్. డీజిల్ వస్తుండగానే స్క్రూ బిగించాలి. అయినా స్టార్ట్ కాకపోతే నాజిల్ దగ్గర ఉక్కు పైపు నట్టు కాస్త వదులు చేసి సెల్ఫ్ కొడతారు. ఈ చివరి పని పాత పంపు బండ్లకే. కామన్ రైల్ బండ్లలో, అంటే నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టంలోంచి డీజిల్ అందే కొత్త రకం బండ్లలో, ఒత్తిడి 1000 బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లు) దాటుతుంది, వాటి నట్లు ఎప్పుడూ ఇలా వదులు చెయ్యకూడదు. వాటికి స్కానర్ పెట్టి రైల్ ప్రెజర్ చూసే మనిషి కావాలి.

ఇక్కడ ఆగి ఒక మాట గట్టిగా చెప్పాలి. పాత నాజిల్ కూడా 150 నుంచి 250 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుంది. ఆ ధార చర్మంలోంచి దూసుకుపోతుంది. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. కళ్లద్దాలు పెట్టుకోండి. వేలికి సూది గుచ్చినంత చుక్క కనిపించినా, నొప్పి లేకపోయినా, వెంటనే ఆసుపత్రికి వెళ్లి డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పాలి. ఆలస్యమైతే వేలే పోవచ్చు. పెద్దవాళ్లు పక్కన లేకుండా మీరు ఆ నట్ల జోలికి వెళ్లకండి.

కొన్ని చిన్న విషయాలు మెకానిక్కును పిలవకముందే తేలిపోతాయి. కొంత దూరం పోయాక బండి ఆగి, ట్యాంకు మూత తియ్యగానే బుస్సుమని గాలి పీల్చుకుని మళ్లీ స్టార్ట్ అయితే, మూతలో గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. తాళం తిప్పినప్పుడు పంపు దగ్గర టక్కుమని చప్పుడు రాకపోతే డీజిల్ ఆపే సొలనాయిడ్‌కు (కరెంటుతో తెరుచుకునే చిన్న కవాటం) కరెంటు అందడం లేదేమో చూడండి. ఫ్యూజో, ఉప్పుగాలికి తుప్పెక్కిన వైరు మొనో కావచ్చు.

పొగ కూడా కబురు చెబుతుంది. నల్లపొగ వస్తే డీజిల్ ఎక్కువైనట్టు, లేదా గాలి తక్కువైనట్టు. రైసుమిల్లుల చుట్టూ తిరిగే బండికి ముందు ఎయిర్ ఫిల్టరు విప్పండి, ఊక దుమ్ముతో నిండి ఉంటుంది. డీజిల్ వాసనతో తెల్లపొగ వస్తే డీజిల్ మండకుండా పోతోందని అర్థం. నాజిల్ కారుతుండవచ్చు, టైమింగ్ (డీజిల్ చిమ్మాల్సిన సరైన క్షణం) తప్పి ఉండవచ్చు. తెల్లపొగతో పాటు రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే ఇంజిన్ పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. నీలం పొగ అయితే ఇంజిన్ ఆయిలు కాలుతోంది, డీజిల్ దారికి దాంతో సంబంధం లేదు.

నాజిల్ అనుమానమైతే టెస్టర్ మీద పెట్టించండి. అది పొగమంచులా చిమ్మి ఒక్కసారిగా తెగాలి, చివర చుక్క వేలాడకూడదు. దాని రంధ్రాలు అర మిల్లీమీటరు కూడా ఉండవు. తీగతో పొడిచి శుభ్రం చేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది, ఆ ఒక్క గుచ్చుడుకి నాజిల్ పాడైపోతుంది. రావులపాలెం దగ్గర వంతెనెక్కేటప్పుడు అరటిగెలల లోడుతో బండి లాగడం లేదని పంపు మీద డీజిల్ పెంచే స్క్రూ తిప్పేవాళ్ల సంగతీ ఇంతే. ఆ స్క్రూకి సీలు ఊరికే వెయ్యలేదు. పొగా వేడీ పెరిగి, చివరికి పిస్టన్ల ప్రాణం మీదికి వస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా మిగిలే జబ్బు ఒకటుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయ్యే బండి, వేడెక్కి ఆగాక ఎంతకీ అందుకోదు. అలాంటప్పుడు రోటరీ పంపు (తిరిగే ఒకే ముక్క అన్ని సిలిండర్లకూ డీజిల్ పంచే రకం ఇంజెక్షన్ పంపు) మీద తడిగుడ్డ వేసి, అది చల్లబడ్డాక సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే పంపు లోపల అరిగిందని దాదాపు తేలినట్టే. వేడికి డీజిల్ పలచబడి ఆ అరిగిన సందుల్లోంచి జారిపోతోంది, చల్లబడితే చిక్కబడి నిలుస్తోంది. అప్పుడు పంపు విప్పించండి. విప్పేముందు పంపుకీ ఇంజిన్‌కీ కలిపి గీత గీయించండి, లేకపోతే తిరిగి పెట్టేటప్పుడు టైమింగ్ తప్పుతుంది. పైపుల మూతులకు శుభ్రమైన బిరడాలు పెట్టించండి. పంపు షాపులో టెస్ట్ బెంచ్ మీద ఒక్కో సిలిండరుకు ఎంత డీజిల్ పడుతోందో పక్కన నిలబడి చూడండి, మార్చిన పాత ముక్కలు అడిగి ఇంటికి తెచ్చుకోండి. వాటి మీద గీతలున్నాయో తుప్పుందో చూస్తే, కొత్త ముక్కలు వేసిన పంపు బిగించేముందు ట్యాంకు కడిగించాలో లేదో మీకే తెలుస్తుంది.

మీ
తాతయ్య