గని మూసిన నేలమీద పచ్చదనం కొలిచేదెలా?

బెంగళూరు నుంచి తూర్పుగా వంద కిలోమీటర్లు వెళితే కోలారు బంగారు గనులు. 2001 ఫిబ్రవరి 28న అవి మూతపడ్డాయి, సైనైడ్ దిబ్బలు మాత్రం మిగిలాయి. రాయిని పొడి చేసి, సైనైడుతో బంగారం తీసుకున్నాక పారబోసిన మెత్తటి పొడి అది. అందులో సారం ఉండదు, గాలి లేస్తే ఊళ్లమీద పడుతుంది. ఇలాంటి చోట మొక్క నిలిచిందో లేదో ఫొటో చూసి చెప్పలేం. గని తవ్విన నేలలో మళ్లీ గడ్డి పెంచాలన్న షరతును లీజుల్లో చేర్చమని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న చెప్పింది. గడ్డి నిలిచిందో లేదో కొలిస్తేనే తెలుస్తుంది.

కంటి అంచనా నమ్మదగింది కాదు. ఒకే చదరపు మీటరును ఇద్దరు చూస్తే ఒకరు 40 శాతమంటారు, ఇంకొకరు 60. అంతకంటే టేపు పద్ధతి నయం. 50 మీటర్ల టేపును రెండు ఇనుప మేకుల మధ్య బిగించి లాగాలి. ప్రతి 50 సెంటీమీటర్లకు ఒక సన్నటి ఇనుప తీగను నిట్టనిలువుగా దించి, మొదట తగిలినదేమిటో రాసుకోవాలి: గడ్డా, పొదా, ఎండుటాకా, రాయా, వట్టి మన్నా. మొత్తం వంద చుక్కలు కాబట్టి 43 చోట్ల పచ్చటి మొక్క తగిలితే 43 శాతం, వేరే లెక్క అక్కర్లేదు. తీగ లావుగా ఉంటే పక్కనున్న ఆకునూ తాకి శాతం పెరుగుతుంది. గాలి గట్టిగా వీచే మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. అన్నిటికన్నా పెద్ద తప్పు, నాటిన వరుస వెంటే టేపు పరచడం. మూడు మీటర్ల ఎడంతో గుంతలు తీసి నాటిన చోట వరుసమీద కొలిస్తే తోటలా, వరుసల మధ్య కొలిస్తే బీడులా కనిపిస్తుంది. వరుసలకు అడ్డంగా వేయాలి, మొదలుపెట్టే చోటును చీటీ తీసి ఎంచుకోవాలి.

కోలారు వైపు వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎక్కువ. నవంబరులో ఏ దిబ్బైనా కాస్త పచ్చబడుతుంది. అందుకే దగ్గర్లో తవ్వని నేలనొకదాన్ని ఎంచుకుని, అదే వారంలో దాన్నీ కొలవాలి. అమెరికా బొగ్గు గనుల నిబంధనల్లో, ఇలాంటి పోలిక నేలమీద ఉన్న పచ్చదనంలో 90 శాతం ఉంటే చాలు. పోలిక నేలమీద 60 అనుకుంటే దిబ్బమీద 54 రావాలి. మనకు 57 వచ్చిందనుకుందాం, పాసే. కానీ ఆ 57లో 31 వయ్యారిభామ అయితే? పశువు దాన్ని ముట్టదు. కాబట్టి జాతివారీగా రాయని లెక్కను ఒప్పుకోకూడదు. సర్కారు తుమ్మను కూడా విడిగానే చూపాలి.

ఒక్క టేపుతో తేల్చేయకూడదు. సగటు 40, టేపుకూ టేపుకూ తేడా (ప్రామాణిక విచలనం) 12 ఉంటే, ఆ అమెరికా నిబంధనలే అడిగే 90 శాతం నమ్మకంతో (ఒకవైపు పరీక్ష), సగటులో పదోవంతుకు మించని పొరపాటుతో చెప్పడానికి సుమారు 15 టేపులు కావాలి. దిబ్బ పైభాగం, వాలు, అడుగు విడివిడిగా కొలవాలి. వాలుమీద మొక్క పట్టకపోవడమే మామూలు, దాన్ని సగటులో కలిపేస్తే గండి ఎక్కడ పడబోతోందో కనిపించదు.

ఉపగ్రహం మాటేమిటి? సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో గడి పది మీటర్లు. ఎరుపు, పరారుణ కాంతుల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే ఎన్‌డీవీఐ సంఖ్యను చాలామంది నేరుగా పచ్చదనం శాతంగా చదివేస్తారు. అది పొరపాటు. పల్చగా మొలిచిన చోట కింది నేల రంగు ఆ సంఖ్యను మార్చేస్తుంది. మొక్కలు అంతే ఉన్నా, తెల్లటి పొడిమీద తక్కువగా, తడిసి నల్లబడ్డ మట్టిమీద ఎక్కువగా వస్తుంది. నేల వెలుతురును సరిదిద్దే శావి సూచిక వాడితే ఈ తేడా కొంత తగ్గుతుంది. గడ్డిని వయ్యారిభామ నుంచి అదీ విడదీయలేదు. ఏ మూల ఎండిపోతోందో ఉపగ్రహంతో ఏడాది పొడవునా చూసుకోవచ్చు, పాసో ఫెయిలో మాత్రం టేపే చెప్పాలి.