కొత్త రా ఫైళ్లు, పాత ఉచిత సాఫ్ట్‌వేర్: ముప్పయ్యేళ్ల చిక్కు

కొత్త కెమెరా కొన్నవాళ్లలో చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఇది. ఏళ్ల తరబడి చేతికి అలవాటైన ఉచిత ఫొటో ఎడిటర్ ఒకటి కంప్యూటర్లో ఉంటుంది. పాత కెమెరా రా ఫైళ్లను అది చక్కగా తెరిచేది. కొత్త కెమెరా ఫైలును మాత్రం గుర్తే పట్టదు. ఒకవేళ తెరిచినా ఫొటో అంతా ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో వస్తుంది. కొన్నిసార్లు ఫొటో బాగానే కనిపిస్తుంది, నీడలు కాస్త వెలిగించబోతే ఆకాశంలో చారలు తేలతాయి. మెమరీ కార్డు పాడైందేమో, కెమెరాలోనే లోపం ఉందేమో అని టెన్షన్ మొదలవుతుంది. చాలా సందర్భాల్లో ఆ రెండూ బాగానే ఉంటాయి. తేడా ఫైలు రాసిన పద్ధతికీ, దాన్ని చదివే ప్రోగ్రాం వయసుకీ మధ్య ఉంటుంది.

జేపెగ్‌తో ఈ బాధ లేదు. 1992లో అది అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది, అందుకే ఇరవై ఏళ్ల నాటి ప్రోగ్రాం కూడా ఇవాళ్టి జేపెగ్‌ను తెరుస్తుంది. రా ఫైలుకు అన్ని కంపెనీలూ పాటించే అలాంటి ఒప్పందమేదీ కుదరలేదు.

రా ఫైల్లో ఉండేవి సెన్సర్ నమోదు చేసిన అంకెలు. అవి ఇంకా ఫొటోగా మారి ఉండవు. చాలా సెన్సర్ల మీద కొడాక్ ఇంజినీరు బ్రైస్ బేయర్ రూపొందించిన రంగు ఫిల్టర్ల అమరిక ఉంటుంది. దానికి 1976లో పేటెంటు వచ్చింది. ఆ అమరికలో ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే కొలుస్తుంది. సగం పిక్సెళ్లు ఆకుపచ్చను, పావు వంతు ఎరుపును, మిగతా పావు వంతు నీలాన్ని కొలుస్తాయి. ప్రతి పిక్సెల్ దగ్గర లేని రెండు రంగులనూ చుట్టుపక్కల వాటిని బట్టి లెక్కగట్టాలి. దీన్నే డీమొజాయికింగ్ అంటారు. అంతకన్నా ముందు ఆ సెన్సర్‌కు నలుపు ఏ అంకె దగ్గర మొదలవుతుందో తెలియాలి. దాని ఎరుపు మన కంటికి కనిపించే ఎరుపుగా మారాలంటే ఏ గుణకాలు వాడాలో తెలియాలి. స్థలం ఆదా కోసం అంకెలను ఎలా కుదించారో కూడా తెలియాలి. ఇవన్నీ కెమెరా మోడల్‌ను బట్టి మారతాయి. అంటే ప్రోగ్రాం రాసిన మనిషికి ఆ మోడల్ గురించి ముందే తెలిసి ఉండాలి. 2010లో ఆగిపోయిన ప్రోగ్రాంకు 2020 కెమెరా గురించి తెలిసే అవకాశమే లేదు.

మరి కెమెరా కంపెనీలు ఈ వివరాలను బయటపెట్టలేదా? చాలావరకు పెట్టలేదు. తొలి డిజిటల్ కెమెరాలతో పాటు తమ సొంత సాఫ్ట్‌వేర్ ఇచ్చాయి, అది చాలనుకున్నాయి. ఫైలు లోపలి అమరికకు చాలా కంపెనీలు టిఫ్ అనే పాత ఫొటో ఫార్మాట్‌నే ఆధారం చేసుకున్నా, అసలు సమాచారాన్ని ఎవరికి తోచిన పద్ధతిలో వాళ్లు దాచుకున్నారు.

ఈ గోడకు తొలి గండి కొట్టిన మనిషి డేవ్ కాఫిన్. ఏ డిజిటల్ కెమెరా రా ఫైలునైనా, ఏ కంప్యూటర్ మీదైనా చదవగల ప్రోగ్రాం రాయాలన్న లక్ష్యంతో ఆయన 1997లో డీసీరా మొదలుపెట్టారు. సీ భాషలో రాసిన ఒకే ఒక్క ఫైలు అది. కంపెనీల నుంచి వివరాలు రానిచోట నమూనా ఫైళ్లను పక్కపక్కన పెట్టుకుని, ఏ అంకె దేన్ని సూచిస్తుందో స్వయంగా విప్పుకుంటూ వెళ్లారు. అలా వందలాది మోడళ్లను చేర్చారు. ఆ కోడ్‌ను అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టారు. ఉచిత సాఫ్ట్‌వేర్లే కాదు, అమ్మకానికి పెట్టిన సాఫ్ట్‌వేర్లు కూడా దాన్ని వాడుకున్నాయి. ఈ రంగంలో ఇంత పెద్ద ఉపకారం చేసిన మరో వ్యక్తి నాకు గుర్తుకు రారు.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. లోకమంతటికీ అవసరమైన పని ఒక్క మనిషి తీరిక మీద ఆధారపడింది. డీసీరా చివరి వెర్షన్ 9.28 వెలువడింది 2018లో. ఆ తర్వాత వచ్చిన కెమెరాలు అందులో చేరలేదు. లోపల డీసీరా కోడ్‌ను అతికించుకుని, దాన్ని మార్చకుండా వదిలేసిన ప్రోగ్రాములన్నీ అంతకన్నా ముందో వెనకో ఆగిపోయాయి. జింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్‌కు తోడుగా పనిచేసిన యూఎఫ్‌రా అందుకు మంచి ఉదాహరణ. చాలామందికి రా ఫైళ్లతో తొలి పరిచయం దాని ద్వారానే జరిగింది. దాని చివరి విడుదల 2015లో వచ్చిన 0.22. తర్వాత కొన్ని లినక్స్ పంపిణీలు దాన్ని తమ జాబితాల నుంచి తీసేశాయి. పాత కాపీలు మాత్రం ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి.

2004 నుంచి 2006 వరకు గడిచిన కాలంలో ఈ కథ మరోలా తిరగగలిగేది. 2004 సెప్టెంబరులో ఫొటోషాప్ తయారుచేసే అడోబీ డీఎన్‌జీ అనే రా ఫార్మాట్‌ను ప్రకటించింది. దాని వివరాలన్నీ బహిరంగం. కెమెరాకు సంబంధించిన రంగు గుణకాలను ఫైల్లోనే రాసి పెట్టడం దాని ముఖ్య ఉద్దేశం. అలా చేస్తే పాత ప్రోగ్రాం కూడా కొత్త కెమెరా ఫైలును తెరవగలదు. మరుసటి ఏడాదే దీనికి ఎదురుగాలి వీచింది. నికాన్ తన డీ2ఎక్స్ కెమెరా రా ఫైల్లో వైట్ బ్యాలెన్స్ వివరాన్ని, అంటే తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేసే అంకెలను, గుప్తలిపిలో పెట్టింది. ఫొటోషాప్ సృష్టికర్తల్లో ఒకరైన థామస్ నోల్ దీనిపై బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. తమ సాఫ్ట్‌వేర్ కిట్ వాడుకునే డెవలపర్లకు దారి తెరిచే ఉందని నికాన్ జవాబిచ్చింది. కాఫిన్ ఆ గుప్తలిపిని విప్పేశారు. రా ఫార్మాట్ల వివరాలు ప్రచురించాలని కోరుతూ అదే ఏడాది ఓపెన్‌రా అనే ఉద్యమం కూడా నడిచింది. ఒక ఫొటో వైట్ బ్యాలెన్స్ ఎంతో ఆ ఫొటో తీసినవాడికే తెలియకుండా చేయడం నాకు అప్పుడూ ఇప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది.

అదే కాలంలో ఉచిత రా ఎడిటర్ల భవిష్యత్తు ఎంత తేలిగ్గా మారిపోగలదో కూడా తెలిసింది. డెన్మార్క్‌కు చెందిన పిక్స్‌మాంటెక్ కంపెనీ రాషూటర్ ఎసెన్షియల్స్ అనే ఉచిత ప్రోగ్రాం ఇచ్చింది. వేగంగా పనిచేసేది, వాడినవాళ్లు బాగా మెచ్చుకున్నారు. 2006లో అడోబీ ఆ కంపెనీని కొనేసింది, రాషూటర్ అక్కడితో ఆగిపోయింది. 2007లో అడోబీ సొంత రా ఎడిటర్ లైట్‌రూమ్ వచ్చింది. రాషూటర్‌ను వదల్లేక పాత కాపీనే దాచుకున్నవాళ్లు మళ్లీ కెమెరా మార్చిన రోజున దారి మూసుకుపోయిందని తెలుసుకున్నారు.

ఫొటోలు చూసుకునే, సర్దుకునే ప్రోగ్రాం పికాసా కథ ఇంతకన్నా పెద్దది, ఎందుకంటే దాన్ని వాడినవాళ్లు చాలా ఎక్కువ. గూగుల్ 2004లో దాన్ని కొని ఉచితంగా ఇచ్చింది. రా ఫైళ్లు కూడా తెరిచేది. డెస్క్‌టాప్ పికాసాకు 2016 మార్చిలో మద్దతు ఆపేసింది. అప్పటికే దించుకున్నవాళ్లు వాడుకోవచ్చని చెప్పింది, వాళ్లు వాడుకుంటూనే ఉన్నారు.

ఫొటోషాప్ సీఎస్2 సంగతి కాస్త వేరు. అది 2005 నాటి సాఫ్ట్‌వేర్. దాని యాక్టివేషన్ సర్వర్‌ను మూసేస్తూ, 2013 జనవరిలో అడోబీ సీరియల్ నంబర్లతో సహా దాన్ని డౌన్‌లోడ్‌కు పెట్టింది. అది ముందే కొన్నవాళ్ల కోసమని వివరణ ఇచ్చే లోపే ఉచితం అన్న మాట లోకమంతా పాకింది. దించుకున్నవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. సీఎస్3 వచ్చాక, 2007 నుంచి సీఎస్2 రా ఫైళ్లు తెరవడానికి వాడే ‘కెమెరా రా’ అనే ప్లగిన్‌లో కొత్త కెమెరాలు చేరడం ఆగిపోయింది. అంటే 2013లో దించుకున్న రోజుకే రా విషయంలో అది ఆరేళ్లు వెనకబడి ఉంది.

ఆలోగా కెమెరాలు కూడా మారుతూ వచ్చాయి. 2012లో ఫుజిఫిల్మ్ ఎక్స్-ప్రో1 కెమెరాలో ఎక్స్-ట్రాన్స్ అనే కొత్త రంగు అమరిక తెచ్చింది. బేయర్ అమరిక 2×2 గడుల్లో తిరిగితే ఇది 6×6 గడుల్లో తిరుగుతుంది. బేయర్ కోసం రాసిన లెక్కలు దీనికి పనికిరావు. మొదట్లో పేరున్న సాఫ్ట్‌వేర్లలో కూడా ఆకులు, గడ్డి అలికేసినట్టు వచ్చేవి. 2018లో కెనాన్ ఈఓఎస్ ఎం50తో సీఆర్3 ఫార్మాట్ తెచ్చింది. 2004 నుంచి వాడిన సీఆర్2 టిఫ్ ఆధారంగా ఉండేది. సీఆర్3 మాత్రం వీడియో ఫైళ్లు వాడే తరహా పెట్టెలో వస్తుంది. డీసీరాకు వారసురాలిగా 2008లో మొదలైన లిబ్‌రా లైబ్రరీలో సీఆర్3 మద్దతు 2020కి గానీ రాలేదు. దాన్ని వాడుకుని డార్క్‌టేబుల్ అనే ఉచిత రా ఎడిటర్ 2021 డిసెంబరులో 3.8 వెర్షన్‌తో సీఆర్3 తెరవగలిగింది. మధ్యలో పేటెంట్ల భయం కూడా తోడైంది. ఫొటో వివరాలు చదివే ఎక్సివ్2 లైబ్రరీ ఆ భయంతోనే ఈ తరహా ఫైళ్ల మద్దతును కొన్నాళ్లు డిఫాల్ట్‌గా ఆపి ఉంచింది. చురుగ్గా నడుస్తున్న ప్రాజెక్టులకే మూడేళ్లకు పైగా పడితే, ఎవరూ పట్టించుకోని ప్రోగ్రాం సంగతి వేరే చెప్పాలా? 2021లో నికాన్ జెడ్9తో వచ్చిన హై ఎఫిషియెన్సీ రా అయితే వేరే కంపెనీ నుంచి లైసెన్సు తీసుకున్న కుదింపు పద్ధతి మీద నడుస్తుంది. అక్కడ ఓపెన్ సోర్స్‌వాళ్ల పని ఇంకా కష్టమైంది.

ఈ చరిత్ర తెలిస్తే మొదట చెప్పిన లక్షణాలు అర్థమవుతాయి. ఫోల్డర్లో థంబ్‌నెయిల్ బాగానే కనిపిస్తూ ఎడిటర్లో మాత్రం ఫైలు తెరుచుకోకపోవడానికి కారణం, చాలా కెమెరాలు రా ఫైల్లోనే ఒక జేపెగ్‌ను కలిపి పెట్టడమే. కొన్ని పాత వ్యూయర్లు ఆ జేపెగ్‌నే చూపిస్తాయి. రా ఎడిట్ చేస్తున్నామనుకుని జేపెగ్‌నే సరిదిద్దుతూ ఉండే ప్రమాదం అక్కడే ఉంది. రంగు మొత్తం ఒకవైపుకు ఒరిగితే నలుపు స్థాయో రంగు గుణకాలో ప్రోగ్రాంకు తెలియవని అర్థం. చారల సంగతి ఎక్కువగా బిట్ల లెక్క. 14 బిట్ల రా ఫైల్లో ఒక్కో రంగుకు 16,384 మెట్లు ఉంటాయి. 2018లో 2.10 వెర్షన్ వచ్చేదాకా జింప్ స్థిరమైన వెర్షన్లు 8 బిట్లలోనే, అంటే 256 మెట్లలోనే పనిచేశాయి. యూఎఫ్‌రా నుంచి జింప్‌లోకి ఫొటో వచ్చేసరికే మిగతా సమాచారం పోయేది. రా తీసిన ప్రయోజనంలో పెద్ద వాటా ఆ ఒక్క అడుగులోనే పోయేది. మెమరీ కూడా చూడాలి. 45 మెగాపిక్సెళ్ల ఫొటోను మూడు రంగుల్లో, ఒక్కో రంగుకు 32 బిట్ల లెక్కన విప్పితే 540 ఎంబీ అవుతుంది. 32 బిట్ల విండోస్ ప్రోగ్రాంకు మామూలుగా దొరికేది 2 జీబీ. మధ్యలో నాలుగు కాపీలు చేసుకునేసరికి అది చేతులెత్తేస్తుంది.

పాత ప్రోగ్రాంతోనే నెట్టుకురావాలనుకునేవాళ్లు రెండు దారులు వాడతారు. మొదటిది ఫైలు వివరాలు మార్చే ఎక్సిఫ్‌టూల్ వంటి ప్రోగ్రాములతో ఫైల్లోని మోడల్ పేరును పాత మోడల్ పేరుగా మార్చడం. రెండు కెమెరాల్లో సెన్సర్ ఒకటే అయితే ఇది పనిచేస్తుంది, కాకపోతే రంగులు, అంచులు తప్పుగా వస్తాయి. ఎలాగైనా కాపీ మీదే చేయాలి, అసలు ఫైలు జోలికి వెళ్లకూడదు. రెండోది అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్. ఇది చాలా మెరుగైన దారి, కానీ సెట్టింగులు చూసుకోవాలి. ఎంత పాత ‘కెమెరా రా’ ప్లగిన్ వెర్షన్‌కు సరిపడేలా రాయాలో అందులో ఎంచుకోవచ్చు. అది మార్చకుండా వదిలేస్తే వచ్చే డీఎన్‌జీ కూడా పాత ప్రోగ్రాంలో తెరుచుకోకపోవచ్చు. డీఎన్‌జీ కూడా నిలిచిపోయిన ఫార్మాట్ కాదు. 2023లో వచ్చిన 1.7 వెర్షన్లో జేపెగ్ ఎక్స్ఎల్ కుదింపు చేరింది. 2024లో ఐఫోన్ 16 ప్రో ఆ కుదింపుతో రా ఫైళ్లు రాసే వీలు ఇచ్చింది. డీఎన్‌జీ అన్న పేరు చూసి తెరవబోయిన పాత సాఫ్ట్‌వేర్లకు అవి అర్థం కాలేదు.

భద్రత మాట క్లుప్తంగా. 2015లో డీసీరా కోడ్‌లో ఒక లోపం బయటపడింది. కావాలని తయారుచేసిన ఫైలుతో ప్రోగ్రాంను కూలదోసే వీలున్న లోపం అది. ఆ కోడ్‌ను అరువు తెచ్చుకున్న ప్రోగ్రాములన్నీ విడివిడిగా సరిచేసుకోవాల్సి వచ్చింది. సరిచేసే మనిషి లేని ప్రోగ్రాంలో అది అలాగే ఉండిపోయింది. మన కెమెరాలోంచి వచ్చిన ఫైళ్లతో పెద్ద భయం లేదు. ఎవరో పంపిన రా ఫైళ్లను మాత్రం అలాంటి ప్రోగ్రాంలో తెరవకపోవడమే మంచిది.

తక్కువమంది గుర్తించే నష్టం ఇంకొకటి ఉంది. పాత సాఫ్ట్‌వేర్ పాత ఫైళ్లను బాగానే తెరుస్తోంది కదా అని చాలామంది సరిపెట్టుకుంటారు. కానీ రా ఫైల్లోని అంకెలు మారకపోయినా, వాటిని ఫొటోగా మార్చే లెక్కలు ఏటా మెరుగవుతున్నాయి. రాథెరపీ అనే మరో ఉచిత రా ఎడిటర్లోకి వచ్చిన, ఎమిల్ మార్టినెక్ రూపొందించిన అమేజ్ అనే డీమొజాయికింగ్ పద్ధతి సన్నని గీతల్లో తేలే రంగుల గజిబిజిని బాగా తగ్గించింది. ఫొటోలో తేలే గింజలు (నాయిస్) తగ్గించడం, కాలిపోయిన వెలుగుల్ని తిరిగి కూర్చడం వంటి పనుల్లో కూడా తేడా కంటికి కనిపిస్తుంది. 2006లో తీసిన ఫైలును నేటి డార్క్‌టేబుల్లోనో రాథెరపీలోనో తెరిచి చూడండి. అప్పటి సాఫ్ట్‌వేర్ ఇవ్వలేని వివరం అందులో దొరుకుతుంది. ఈ రెండూ ఉచితమే, కాబట్టి ఇక్కడ సమస్య డబ్బు కాదు, చేతి అలవాటు.

మారేటప్పుడు పోయేది పాత ఎడిట్లు. పికాసా తన మార్పుల్ని పికాసా ఐఎన్ఐ ఫైల్లో, రాథెరపీ పీపీ3 అనే ఫైల్లో, డార్క్‌టేబుల్ తన ఎక్స్ఎంపీ ఫైల్లో రాసుకుంటాయి. ఒకదాని సర్దుబాట్లు మరొకదానికి పెద్దగా పట్టవు. కాబట్టి పాత ప్రోగ్రాం ఇంకా నడుస్తున్నప్పుడే, ఇష్టపడి దిద్దుకున్న ఫొటోలను అది అనుమతిస్తే 16 బిట్ల టిఫ్‌గా, లేదంటే మంచి నాణ్యత గల జేపెగ్‌గా బయటకు తీసుకోవాలి. రా ఫైళ్లను ఎప్పటిలాగే ఉంచుకోవాలి. కెనాన్, నికాన్, సోనీ తమ ప్రధాన కెమెరాల్లో ఇప్పటికీ సొంత ఫార్మాట్లే రాస్తున్నాయి. పెంటాక్స్, లైకా కెమెరాలు మాత్రం నేరుగా డీఎన్‌జీ రాయగలవు. కొత్త కెమెరా ఎంచుకునేటప్పుడు మెగాపిక్సెళ్లతో పాటు ఈ సంగతి కూడా చూస్తే బాగుంటుందని నా సలహా.